అచ్చుకు 110, సరేసుకు 60: చిన్న బైండింగ్ ఓవెన్‌ ఎలా ఉండాలి

తోలు అట్ట మీద బంగారు అక్షరాలు, పూల గీతలు ఎక్కించే బైండర్‌కు రెండు వేడి వస్తువులు ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉండాలి. ఒకటి కర్ర పిడి ఉన్న ఇత్తడి అచ్చు. రెండోది పుస్తకం వెన్నుకు పట్టించే సరేసు, అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు. రెండూ వేడి పనులే కదా, ఒకే పొయ్యి చాలదా అనిపించడం సహజం. నిన్నటి బొగ్గుల కుంపటి అయినా, ఇవాళ్టి కరెంటు హాట్‌ప్లేట్ అయినా చాలా చోట్ల సర్దుబాటు అదే: అచ్చులు ఒక పక్క, జిగురు గిన్నె ఇంకో పక్క.

చిక్కంతా అక్కడే ఉంది. అచ్చుకు కావలసింది 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. సరేసుకు కావలసింది 60. ఒకదానికి సరిపడే వేడి రెండోదాన్ని పాడు చేస్తుంది. చిన్న వర్క్‌షాప్ ఓవెన్‌ను సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగే ప్రశ్న “ఎన్ని వాట్ల హీటర్ పెట్టాలి?” అని. ముందు తేల్చుకోవలసింది మాత్రం ఈ రెండు వేడిమిలూ ఒకదాని జోలికి ఒకటి రాకుండా ఎలా చూడాలన్నది. అది తేలితే హీటర్ సైజు దానంతటదే తేలుతుంది. అది మనం అనుకున్నదానికంటే చాలా తక్కువే ఉంటుంది కూడా.

సరేసుకు ఎందుకంత జాగ్రత్త

సరేసు అంటే ప్రధానంగా జెలటిన్. పలుకుల్ని చల్లటి నీళ్లలో నానబెడితే ఉబ్బుతాయి. 60 డిగ్రీల దగ్గర పల్చటి తేనెలా పారతాయి. 35 డిగ్రీల కిందికి వస్తే మళ్లీ గడ్డకట్టి జెల్లీ అవుతాయి. అంటే పని చేయడానికి దొరికే వేడి పరిధి చిన్నది. 70 దాటి ఎక్కువసేపు ఉంచితే జెలటిన్‌లోని పొడవాటి ప్రొటీన్ గొలుసులు తెగిపోవడం జోరందుకుంటుంది. జిగురుకు బలమంతా ఆ గొలుసుల పొడవులోనే ఉంది.

ఈ నష్టం కంటికి కనిపించదు. ఎక్కువ కాగిన సరేసు చూడటానికి మామూలుగానే ఉంటుంది. పైపెచ్చు ఇంకొంచెం పల్చబడి, బ్రష్‌కు బాగా లొంగుతున్నట్టే అనిపిస్తుంది. ఆరాక పట్టు ఉండదు. నెలల తర్వాత వెన్ను విడిపోతే నేరం కాగితం మీదికో, దారం మీదికో పోతుంది తప్ప ఆ రోజు గిన్నె ఎంత వేడెక్కిందో ఎవరికీ గుర్తుండదు.

గిన్నెలో నీళ్లు పోసి, అందులో జిగురు గిన్నె పెట్టి కాస్తే ఏ ప్రమాదమూ లేదని చాలామంది నమ్మకం. జిగురు అడుగంటదు, మాడదు, అంతవరకు నిజం. కానీ మరిగే నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఉంటాయి. లోపలి గిన్నె మెల్లగా ఆ దారిలోనే పోతుంది. నీళ్ల తొట్టి వేడిని సమంగా పంచుతుందే కానీ, ఎక్కడ ఆగాలో చెప్పదు. ఆ పని థర్మోస్టాట్‌ది, అంటే పెట్టిన వేడి రాగానే హీటర్‌ను ఆపే పరికరానిది.

తెలుగు ఊళ్లలోని బైండింగ్ షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఫెవికాల్, దాంతోపాటు మైలతుత్తం కలిపి ఉడికించిన మైదా బంక. ఈ రెండింటికీ ఓవెన్ అక్కర్లేదు. సరేసు అవసరం ఇంకా మిగిలి ఉన్నది పాత పుస్తకాల మరమ్మతులోనూ, తంబురా, వయొలిన్ లాంటి వాద్యాల పనిలోనూ. కారణం ఒకటే. గోరువెచ్చని తడి తగిలిస్తే సరేసు అతుకు విడిపోతుంది, కాగితానికీ కర్రకూ గాయం కాదు. ఎండిపోయిన ఫెవికాల్ అలా వదలదు. వందేళ్ల పుస్తకాన్ని ఇవాళ కుట్టేవాళ్లు, ఇంకో యాభై ఏళ్లకు మరొకరు దాన్ని విప్పాల్సి రావచ్చునని గుర్తుంచుకోవాలి. వీణ మెట్లు నిలబెట్టే మైనం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. తేనె మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర. అంటే ఓవెన్‌లో సరేసు కోసం విడిగా కట్టిన అర (గది), మైనాన్ని మెత్తబరచడానికీ దాదాపు అలాగే పనికొస్తుంది. బొబ్బిలి, నూజివీడు లాంటి చోట్ల వీణ పని చేసేవారికి ఈ ఓవెన్ పరాయి వస్తువేమీ కాదు.

వేడిని మోసేది గాలి కాదు, లోహం

అచ్చుల సంగతికి వస్తే, ఎంత వేడి కావాలన్నది అట్టను బట్టి మారుతుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు మీద, గుడ్డు తెల్లసొన పూసి బంగారు రేకు అద్దే పద్ధతిలో దాదాపు 100, 110 డిగ్రీలు సరిపోతాయి. తయారుగా దొరికే ఫాయిల్‌కు కొంచెం ఎక్కువ కావచ్చు. బంగారం లేకుండా తడి తోలు మీద గీత మాత్రమే నొక్కాలంటే ఇంకా తక్కువ చాలు. యూనివర్సిటీ ఊళ్లలో థీసిస్‌లకు వేసే రెక్సిన్ అట్ట మరీ సున్నితం, దాని మీది పూత వేడికి తొందరగా మెత్తబడుతుంది. పట్టకారులో బిగించే అక్షరాలు ఇత్తడివైతే బెంగ లేదు. ప్రెస్సు సీసపు అక్షరాలైతే 240 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. మంట మీద పెట్టి మరిచిపోతే అక్షరాల మొహాలు వంగిపోవడం ఖాయం.

అనుభవం ఉన్న బైండర్ అచ్చును తడి దూదికి తాకించి చూస్తాడు. ‘చుయ్’ మన్న శబ్దం ఎంత పదునుగా ఉందో విని, వేడి సరిపోయిందో లేదో చెబుతాడు. ఆ పరీక్షకు ఓవెన్ ప్రత్యామ్నాయం కాదు, కాకూడదు కూడా. ఓవెన్ చేయాల్సింది ఒక్కటే: ప్రతి అచ్చూ ప్రతిసారీ ఒకే వేడి నుంచి బయలుదేరేలా చూడటం. ఒక వెన్ను మీద పది పూలు నొక్కాల్సి వస్తే, మొదటి పువ్వూ పదో పువ్వూ ఒకేలా రావడానికి అది చాలా అవసరం.

మార్కెట్లో దొరికే ఓటీజీ, అంటే కేకులు కాల్చే చిన్న కరెంటు ఓవెన్, కొని అందులో అచ్చులు పెడితే సరిపోతుంది కదా అన్న సందేహం ఇక్కడ వస్తుంది. లెక్క వేసి చూద్దాం. 100 గ్రాముల ఇత్తడి అచ్చును 30 నుంచి 110 డిగ్రీలకు తీసుకెళ్లడానికి కావలసింది దాదాపు 3,000 జౌళ్లు. 250 వాట్ల హీటర్‌కు అది పన్నెండు సెకన్ల పని. అయినా ఓవెన్ గాలిలో పెట్టిన అచ్చు ముప్పావుగంటకు గానీ ఆ వేడికి చేరదు. కదలని గాలి లోహానికి వేడిని అందించడంలో అంత బద్ధకంగా ఉంటుంది మరి. అచ్చు ఉపరితలం మొత్తం వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, దాని వేడి మూడింట రెండు వంతులు పెరగడానికే పావుగంట పైగా పడుతుంది. ఆ తర్వాత ఇంకా నెమ్మదిస్తుంది.

అదే అచ్చు కాడ ఒక వేడి అల్యూమినియం దిమ్మకు ఆనుకుని ఉంటే వేడి నేరుగా లోహంలోంచి లోహంలోకి పాకుతుంది, నిరీక్షణ నిమిషాల్లోకి దిగుతుంది. 25 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 2.5 మందం ఉన్న దిమ్మ తీసుకుంటే రెండు కిలోలు తూగుతుంది. దానిపై అచ్చు కాడలు పడుకునేలా ‘వి’ ఆకారపు గాడులు కోయాలి. అచ్చు మొహం మాత్రం దిమ్మకు తగలకుండా గాలిలో ఉండాలి. చెక్కిన మొహం గట్టి లోహానికి పదే పదే రాసుకుంటే అంచులు మొద్దుబారతాయి.

దిమ్మ ఉంటే చాలు, మళ్లీ డబ్బా ఎందుకు? మన వర్క్‌షాపుల్లో నెత్తిమీద తిరిగే సీలింగ్ ఫ్యాన్ వల్ల. తెరిచి ఉన్న హాట్‌ప్లేట్ మీద అచ్చు కాడ వేడిగానే ఉంటుంది, గాలి తగిలే మొహం మాత్రం చల్లబడుతుంది. నొక్కాల్సింది మొహంతోనే. చుట్టూ డబ్బా ఉంటే లోపలి గాలి కూడా దిమ్మ వేడికి దగ్గరగా ఉండి, కాడకూ మొహానికీ తేడా తగ్గుతుంది.

తలుపు తీసినప్పుడల్లా వేడంతా పోతుందన్న భయం కూడా లోహపు దిమ్మతో తీరుతుంది. పది లీటర్ల లోపు గాలిలో దాగి ఉండే వేడి ఒక్క కిలోజౌల్ కూడా ఉండదు. రెండు కిలోల దిమ్మలో, గది వేడి నుంచి 110 దాకా లెక్కేస్తే, 144 కిలోజౌళ్లు ఉంటాయి. గాలి మొత్తం బయటికి పోయినా దిమ్మకు పెద్దగా తెలియదు. కరెంటు పోయినా అంతే. ఇన్సులేషన్ సరిగ్గా ఉంటే దిమ్మ ఒక డిగ్రీ చల్లబడటానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. అయిదు నిమిషాల కోతలో నడుస్తున్న పని ఆగదు.

పిడులు బయట, మొహాలు లోపల

ఆకారంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇది. అచ్చుల్ని మొత్తంగా డబ్బాలో పెట్టి తలుపు మూస్తే కర్ర పిడులు ఎండి పగులుతాయి, ఇత్తడి కాడ దగ్గర వదులవుతాయి. చెయ్యి కాలడం సరే సరి. కాబట్టి ముందు గోడలో అడ్డంగా ఒక సన్నటి చీలిక ఉండాలి. ఇత్తడి లోపలికి, పిడి బయటికి. చీలిక మీద సిలికోన్ రబ్బరు షీటును కత్తిరించి, అచ్చు దూర్చినచోట మాత్రమే తెరుచుకునేలా రెక్కలుగా వేలాడదీయాలి. సిలికోన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, మామూలు సైకిల్ ట్యూబు రబ్బరు తట్టుకోదు.

అచ్చుల అర కింద, జిగురు అర పైన. ఈ అమరికలో ఒక ఆశ పుడుతుంది: కింద ఎలాగూ వేడి ఉంది కదా, అది పైకి పాకి జిగురును కూడా వెచ్చబెడితే ఇంకో హీటర్ ఖర్చు తప్పుతుందని. ఈ ఆశే చాలా ఓవెన్లను చెడగొడుతుంది. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపగలదు, అంతేగానీ చల్లబరచలేదు. కింది నుంచి వచ్చే వేడి, పై అర గోడల గుండా బయటికి పోయే వేడికంటే ఎక్కువైతే, జిగురు హీటర్ పూర్తిగా ఆగిపోయినా గిన్నె వేడెక్కుతూనే ఉంటుంది.

అంకెల్లో పెట్టి చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. రెండు అరల మధ్య అడ్డుగోడ 30 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్లు అనుకుందాం. కింద 110, పైన 62 డిగ్రీలు. మధ్యలో ఒట్టి ఇనుప రేకు మాత్రమే ఉంటే పైకి పాకే వేడి సుమారు 18 వాట్లు. అదే చోట 5 సెంటీమీటర్ల మందాన రాక్ వూల్ (వేడిని ఆపే, రాతితో చేసిన దూదిలాంటి నార) నింపితే 3 వాట్ల పైచిలుకు. ఇక పై అర నుంచి బయటికి పోయేది ఎంత? 20 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ అరకు చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల రాక్ వూల్ ఉండి, గది 30 డిగ్రీలు ఉంటే సుమారు 15 వాట్లు. మే నెలలో రేకుల షెడ్డు కింద గది 45కు చేరితే 8 వాట్లే.

అంటే ఒట్టి రేకు అడ్డుగోడతో కట్టిన ఓవెన్‌లో శీతాకాలంలోనే జిగురు అదుపు బొటాబొటీ. రామగుండంలోనో, విజయవాడలోనో ఎండాకాలం వచ్చేసరికి అదుపు పూర్తిగా తప్పుతుంది. రాక్ వూల్ అడ్డుగోడ ఉన్నది మాత్రం రోహిణి కార్తెలో కూడా నిలబడుతుంది. పాకే 3 వాట్ల కంటే పోయే 8 వాట్లు ఎక్కువ, మిగతా అయిదు వాట్లను జిగురు హీటర్ తన అదుపులో పెట్టుకుంటుంది.

దీనిలోంచి ఇంకొక విషయం బయటపడుతుంది, మొదట వింటే తలకిందులుగా అనిపిస్తుంది. జిగురు అరకు ఇన్సులేషన్ మరీ ఎక్కువ పెట్టకూడదు. కరెంటు ఆదా అవుతుందని దాని గోడల్ని కూడా అయిదు సెంటీమీటర్లు చేస్తే, ఎండాకాలంలో బయటికి పోయేది నాలుగు వాట్లకు పడిపోతుంది. కింది నుంచి వచ్చేది మూడు పైచిలుకు. అదుపుకు మిగిలే చోటు దాదాపు సున్నా. అచ్చుల అరకు, అడ్డుగోడకు మందం కావాలి, జిగురు అరకు వద్దు.

హీటర్, థర్మోస్టాట్, కాపలా

అచ్చుల అరకు 250 వాట్లు చాలు. దిమ్మ, ఆరు అచ్చులు కలిపి 110 డిగ్రీలు చేరడానికి 12 నిమిషాల చిల్లర పడుతుంది. ఆ తర్వాత నిలబెట్టడానికి, చీలికలోంచి పోయే వేడితో కలిపి, 40 వాట్ల దగ్గర ఖర్చవుతుంది. రోజంతా వాడినా అర యూనిట్ దాటదు. వెయ్యి వాట్ల హీటర్ పెడితే మూడు నిమిషాల్లో వేడెక్కుతుంది, నిజమే. కానీ సెన్సర్‌కు కబురు అందేలోపే దిమ్మ హద్దు దాటేస్తుంది. హీటర్‌ను డబ్బా అడుగున గాలిలో వేలాడదీయకుండా దిమ్మలోనే రంధ్రం చేసి కాట్రిడ్జ్ హీటర్‌గా (కడ్డీలాంటి హీటర్‌గా) బిగించడం మేలు. రంధ్రం వదులైతే హీటర్ తన వేడికి తానే కాలిపోతుంది, అందుకే బిగుతుగా ఉండాలి. ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ 230 నుంచి 200కు జారితే హీటర్ శక్తి నాలుగో వంతు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 250 వాట్లలో అంత పోయినా, నిలబెట్టడానికి కావలసిన 40 ఎక్కడికీ పోదు.

జిగురు వైపు 60 వాట్లు చాలు. నీళ్ల తొట్టి, జిగురు కలిపి 600 గ్రాములు అనుకుంటే, అరగంటలో సిద్ధమవుతుంది. సెన్సర్ నీళ్లలో ఉండాలి, పైన గాలిలో కాదు. జిగురు గిన్నె స్టీలుది గానీ గాజుది గానీ మంచిది. ఇనుప గిన్నె తుప్పు జిగురులో దిగి, తోలుకు నల్ల మరకలు పడతాయి. మూత తప్పనిసరి, లేకపోతే గంటగంటకూ నీరు ఆవిరై చిక్కబడుతుంది.

థర్మోస్టాట్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ఓటీజీలో ఉండే రెండు లోహాల పట్టీ పదేసి డిగ్రీలకు పైగా అటూ ఇటూ ఊగుతుంది. కేకుకు అది పర్వాలేదు. సరేసుకు 60, 75 మధ్య ఊగడమంటే రోజంతా కొంచెం కొంచెంగా బలం పోవడమే. చిన్న పీఐడీ కంట్రోలర్ (హద్దు దగ్గరపడే కొద్దీ హీటర్‌ను మెల్లగా తగ్గిస్తూ వేడిని నిలబెట్టే పరికరం), దానికి వేడిని కొలిచే పీటీ100 సెన్సర్, రెండు అరలకూ విడివిడిగా ఉండాలి. ఈ రెండు జతలకు పెట్టే ఖర్చు మిగతా డబ్బా ఖర్చుకంటే ఎక్కువ కావచ్చు, అయినా అక్కడ తగ్గించకూడదు. పీటీ100 ప్లాటినం తీగ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు చూపిస్తుంది. మనకు కావలసిన పరిధిలో థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగలు కలిపి చేసే సెన్సర్) కంటే నిలకడగా ఉంటుంది.

కంట్రోలర్ హీటర్‌ను నడిపేది సాలిడ్ స్టేట్ రిలేతో, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్‌తో. ఆ రిలే చెడిపోయినప్పుడు తరచుగా ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు కంట్రోలర్ ఎంత మొత్తుకున్నా హీటర్ ఆగదు. అందుకని దిమ్మకు ఆనుకుని, వేడి హద్దు దాటితే కరెంటును తెంచేసే ఒక థర్మల్ ఫ్యూజ్‌ను హీటర్‌తో వరుసలో కలపాలి. రైస్ కుక్కర్లలో ఉండేలాంటిదే, కాకపోతే 152 డిగ్రీల రేటింగ్‌ది. జిగురు వైపు 84 డిగ్రీలది దొరుకుతుంది. డబ్బా రేకుకు ఎర్తింగ్, సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండి తీరాలి. నీళ్ల తొట్టి, ఇనుప డబ్బా, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు ఇందులో రాజీ లేదు. లోపలి వైర్లు సిలికోన్ తొడుగువి కావాలి, ఇంట్లో వాడే పీవీసీ వైరు 70 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది.

పాత స్టవ్‌ల నుంచి విప్పిన ఆస్బెస్టాస్ షీటు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. దాని నార ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం, ఇందులో వివాదం లేదు. రాక్ వూల్ కూడా చర్మానికి దురద పెడుతుంది కాబట్టి రెండు రేకుల మధ్య పూర్తిగా మూసి, అంచులకు అల్యూమినియం టేపు వేయాలి. స్పిరిట్‌లో కలిపిన లక్క, రబ్బరు సొల్యూషన్ లాంటి మండే ద్రవాలను ఈ ఓవెన్ దరిదాపుల్లో పెట్టకూడదు. పర్ఫెక్ట్ బైండింగ్‌కు (కుట్టకుండా వెన్నును జిగురుతోనే అతికే పద్ధతికి) వాడే హాట్‌మెల్ట్ గమ్ముకు 160 డిగ్రీల పైనే కావాలి, అది ఈ డబ్బా పని కాదు.

వేడి నిజంగా ఎంతుందో

కట్టిన తర్వాత చాలామంది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తుపాకీ గురిపెట్టి చూస్తారు. మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద అది చెప్పే అంకె నమ్మదగింది కాదు. మెరుగు పెట్టిన లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, ఎదురుగా ఉన్న చల్లటి గోడల్ని అద్దంలా చూపిస్తుంది. నిజంగా 110 ఉన్న అచ్చు 50 అని చూపించవచ్చు. అది నమ్మి వేడి పెంచితే తోలు కాలుతుంది. కాడ మీద చిన్న ముక్క మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గురిపెడితే దాదాపు సరైన అంకె వస్తుంది. లేదంటే సన్నటి థర్మోకపుల్‌ను అచ్చుకు కట్టి చూడాలి. దిమ్మ 110 చూపిస్తున్నప్పుడు అచ్చు మొహం 104 ఉండవచ్చు. ఆ తేడాను ఒకసారి కొలిచి, కంట్రోలర్ పక్కన కాగితం మీద రాసి అంటిస్తే సరిపోతుంది. చక్రంలా దొర్లించే పెద్ద అచ్చుకు తేడా వేరుగా ఉంటుంది, వేడెక్కడానికి ఎక్కువసేపు కూడా పడుతుంది.

సెన్సర్ సరిగ్గా చెబుతోందో లేదో చూడటానికి మంచుముక్కల నీళ్లు, మరిగే నీళ్లు చాలు. ఒక్క సంగతి గుర్తుండాలి. విశాఖపట్నంలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 98 చిల్లరకే మరుగుతాయి. అక్కడ సెన్సర్ 98 చూపిస్తే అది తప్పు చెబుతున్నట్టు కాదు.

మిగిలింది సాయంత్రం సంగతి. పని అయిపోయాక స్విచ్ ఆపి, జిగురును లోపలే వదిలేసి వెళ్లడం మామూలు అలవాటు. వెచ్చటి అరలో జిగురు 50 నుంచి 30 దాకా గంటల తరబడి మెల్లగా దిగుతుంది, బ్యాక్టీరియాకు సరిగ్గా నచ్చే వేడి అదే. మన వాతావరణంలో తెల్లారేసరికి కంపు కొట్టడం మొదలవుతుంది, పట్టు కూడా పోతుంది. గిన్నెను వెంటనే బయటికి తీసి, చల్లటి నీళ్లలో ఉంచి గడ్డకట్టించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు ఆ జెల్లీలోంచి ఆ పూటకు కావలసినంత ముక్క కోసుకుని వేడి చేయాలి. మొత్తం గిన్నెను ప్రతిరోజూ కాచి చల్లార్చడం కంటే ఇదే మేలు. నాలుగైదు సార్లు కాగిన సరేసును పుస్తకం వెన్నుకు వాడకూడదు.